కొలతల కాగితం ఏది?

సంపాదకుడికి,

రెండేళ్ల కిందట నేనొక పాత కారు కొన్నాను. రంగు నిగనిగలాడుతోంది, ఇంజను శబ్దంలో వంక పెట్టడానికి లేదు. కొద్ది నెలలకే ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగిపోయింది, బండి కుడివైపు లాగడం మొదలుపెట్టింది. వీల్ అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించాను. ఆ చక్రం క్యాంబర్ కోణం, అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరిగే వంపు, అదొక్కటి మాత్రం ఎంత సర్దినా దారికి రాలేదు. చివరికి ఒక పెద్దాయన కారును పైకెత్తి, రెండు ముళ్లున్న ట్రామ్ గేజి అనే కొలత కడ్డీతో అడుగున మూల నుంచి మూలకు కొలిచాడు. సమానంగా ఉండవలసిన రెండు కర్ణాల మధ్య 11 మిల్లీమీటర్ల తేడా! ఎప్పుడో గుద్దుకున్న బండికి బంపరు మార్చి, పుట్టీ పెట్టి, రంగు కొట్టి అమ్మేశారన్నమాట.

టైరు ఖర్చు గురించి కాదు నా బాధ. ఇప్పటి కార్లలో చాలావాటికి విడిగా ఫ్రేము ఉండదు. నేల, స్తంభాలు, పైకప్పు కలిసి ఒకే పెట్టెగా బరువు మోస్తాయి. ఢీకొన్నప్పుడు ముందు భాగం ముడుచుకుని, లోపలివారికి తగలవలసిన దెబ్బను తాను తీసుకుంటుంది. ముడుచుకున్న రెయిలును, అంటే ముందు భాగంలో పొడవునా ఉండే ఉక్కు దూలాన్ని, వేడి చేసి సుత్తితో సాగదీస్తే చూపుకు తిన్నగానే కనిపిస్తుంది, కానీ రెండోసారి అది ఎలా ముడుచుకుంటుందో చెప్పలేం. ఎయిర్‌బ్యాగు సరైన క్షణంలో తెరుచుకోవడానికీ ఆ ముడతకూ సంబంధం ఉంది. తలుపుల మధ్య స్తంభాల్లో వాడే అత్యంత దృఢమైన ఉక్కు వేడి తగిలితే బలం కోల్పోతుంది. దాన్ని తిన్నగా చేయడం కాదు, తయారీదారు చూపిన చోట కోసి కొత్తది అతకాలి. వంగితే సరిచేయి, మడతపడితే మార్చు అని ఈ పని తెలిసినవారు ఊరికే అనలేదు.

సక్రమంగా చేసేవారు బండిని బెంచి అనే ఇనుప వేదిక మీద బిగించి, దెబ్బ తగిలిన దిశకు ఎదురుగా గొలుసుతో కొద్దికొద్దిగా లాగుతారు. లాగిన ప్రతిసారీ కొలుస్తారు. ఉక్కు కొంత వెనక్కి పోతుంది కనుక గొలుసు వదిలాక మళ్లీ కొలుస్తారు. తయారీదారు ఇచ్చిన కొలతకూ దీనికీ తేడా సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. లేజరు పరికరాలైతే పనికి ముందు, తరువాత కొలతలను అచ్చు వేసి ఇస్తాయి కూడా. ఆ కాగితం ఎక్కడికి పోతోంది?

బీమా సంస్థలు బిల్లు చెల్లించే ముందు దాన్ని అడగాలి. బండి చేతులు మారితే ఆ కాగితమూ దానితోపాటే వెళ్లాలి. ప్రతి గీతకూ, సొట్టకూ అక్కర్లేదు. చక్రాలు బిగించే చోట్లు, రెయిళ్లు, స్తంభాలు దెబ్బతింటే చాలు. చిన్న షెడ్ల పొట్ట కొడతారా అని అడిగేవారుంటారు. నా బండి రోగం కనిపెట్టింది అలాంటి షెడ్డే, లేజరు లేకుండానే.

ఆ కారు ఇంకా నా దగ్గరే ఉంది. కొంటామని ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ 11 మిల్లీమీటర్ల సంగతి చెప్పాను. ఇద్దరూ మళ్లీ ఫోను చేయలేదు.

— ఒక పాఠకుడు