సభ్యులకు వార్షిక నివేదిక: క్యాన్సర్ చికిత్సలో వైరస్‌లు, వాటికి తోడు మందులు

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఒంగోలు కేంద్రంగా పనిచేస్తున్న మన క్యాన్సర్ రోగుల, కుటుంబాల సహాయ సంఘం నిత్య కార్యక్రమాలు ఈ ఏడాది కూడా యథావిధిగా సాగాయి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతికి కావలసిన కాగితాలు సిద్ధం చేయించడం, చెన్నై, వేలూరు, తిరుపతి ఆసుపత్రులకు వెళ్లేవారికి తోడు పంపడం, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాల దగ్గర నోటి పరీక్షలు చేయించడం వాటిలో ముఖ్యమైనవి. జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాము. క్యాన్సర్‌ను చంపే వైరస్ వచ్చిందట కదా, ఇక కీమో ఎందుకు, కరెంటు (రేడియేషన్) ఎందుకు అని సభ్యులు ఏడాది పొడవునా అడుగుతూ వచ్చారు. ఆ మందు వచ్చేదాకా చికిత్స ఆపుదామనే ఆలోచన కూడా కొన్ని కుటుంబాల్లో కనిపించినందున, కార్యవర్గం వైద్య సలహాదారుల సాయంతో ఈ విషయాన్ని అధ్యయనం చేసింది.

జబ్బు చేసినప్పుడు కణితి తగ్గడమన్నది కొత్త సంగతి కాదు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న ఒక రోగికి ఫ్లూ వంటి జ్వరం వచ్చాక కొంతకాలం ఉపశమనం కలిగిందని అమెరికా వైద్యుడు జార్జ్ డాక్ 1904లోనే రాశారు. అయితే, నోటి దగ్గర పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను జన్యువులు మార్చి వాడితే అది మెదడు కణితి కణాలను చంపగలదని ప్రయోగశాలలో చూపింది 1991లో. మామూలు కణానికి వైరస్ సోకితే అది ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ వంటి రక్షణలతో ఎదుర్కొంటుంది. చాలా క్యాన్సర్ కణాలలో ఆ రక్షణ దెబ్బతిని ఉంటుంది కనుక, అక్కడ వైరస్ వృద్ధి చెంది కణాన్ని పగలగొడుతుంది. పగిలిన కణంలోని పదార్థాలు బయటపడి, ఇక్కడ శత్రువు ఉన్నాడని రోగనిరోధక వ్యవస్థకు దండోరా వేసినట్టవుతుంది. వైరస్ స్వయంగా చంపే కణాల కన్నా ఈ రెండో పనికే ఎక్కువ విలువ ఉందని మా అభిప్రాయం. ఇతర చికిత్సలను దీనికి జతచేయాలన్న ఆలోచనకు ప్రధానంగా బలమిచ్చింది కూడా ఇదే.

మన ప్రాంతంలో నోటి, గొంతు క్యాన్సర్లు తరచుగా చూస్తుంటాము కాబట్టి చైనా ఉదాహరణను ముందుగా చెప్పవలసి ఉంది. అక్కడ 2005లో తల, మెడ క్యాన్సర్లకు అనుమతి పొందిన హెచ్101 అనే అడినోవైరస్‌ను కీమోతో కలిపే వాడారు. తల, మెడ, అన్నవాహిక క్యాన్సర్ల రోగులపై జరిగిన పరీక్షలో, సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందులతో పాటు వైరస్‌ను కణితిలోకి ఎక్కించినవారిలో సుమారు 79 శాతం మందికి గడ్డ తగ్గగా, కీమో ఒక్కటే తీసుకున్నవారిలో సుమారు 40 శాతం మందికే తగ్గింది. గడ్డ తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు. ఈ తేడాను సభ్యులు గుర్తుంచుకోవాలి.

అమెరికాలో 2015 అక్టోబరులో అనుమతి పొందిన టీ-వెక్, హెర్పిస్ వైరస్‌ను మార్చి చేసిన మందు. దానిని మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డల్లోకి సూదితో ఎక్కిస్తారు. దీన్ని పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక వ్యవస్థను క్యాన్సర్‌పైకి పురికొల్పే) మందుతో కలిపి 21 మందికి ఇచ్చిన తొలి పరీక్షలో 62 శాతం మందికి గడ్డలు తగ్గడంతో ఎంతో ఆశ పుట్టింది. కానీ 692 మందిపై జరిగిన మూడో దశ పరీక్షలో, పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే ఇచ్చినవారితో పోలిస్తే, జబ్బు ముదరకుండా గడిచిన కాలంలో గానీ ఆయుష్షులో గానీ చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. కాలేయ క్యాన్సర్‌కు సొరాఫెనిబ్ మాత్రలతో కలిపి చూసిన వ్యాక్సీనియా (మశూచి టీకాలో వాడిన) వైరస్ పరీక్షను కూడా ప్రయోజనం కనిపించక 2019లో ఆపేశారు. మన ఫోన్లకు చేరే వీడియోల్లో ఆ 62 శాతమే ఉంటుంది, మిగతా కథ ఉండదు. జపాన్ 2021లో మెదడు కణితికి ఒక హెర్పిస్ వైరస్ మందును అనుమతించింది గాని, అది షరతులతో, గడువుతో ఇచ్చిన అనుమతి.

ఈ కారణాల వల్ల, వైరస్ కోసం నడుస్తున్న కీమోను, రేడియేషన్‌ను ఆపవద్దని కార్యవర్గం తీర్మానించింది. వైరస్ ఇంజెక్షన్ ఇప్పిస్తామంటూ ముందుగా డబ్బు అడిగేవారికి సహాయ నిధి నుంచి చెల్లించరాదని కూడా నిర్ణయించింది. దీనిపై కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. అయినా నిర్ణయం మార్చలేదు.

క్లినికల్ ట్రయల్‌లో, అంటే మనుషులపై జరిగే మందు పరీక్షలో, చేరదలచినవారు, అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందో లేదో ముందుగా చూడాలి. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మని అడగాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, గర్భిణులకు టీ-వెక్ ఇవ్వరు. హెర్పిస్ వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ వంటి మందులు దాని పనిని తగ్గించగలవు కనుక, వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపాలి. ఇంజెక్షన్ చేసిన చోటును కట్టు కట్టి ఉంచాలి. ఆ కట్టును ఇంట్లోవారు ఒట్టి చేతులతో తాకరాదు.

ట్రయల్ గురించి డాక్టరును అడగవలసిన ప్రశ్నలను ఒక కరపత్రంగా తయారు చేయిస్తున్నాము. దాని ముసాయిదా సర్వసభ్య సమావేశంలో ఆమోదానికి వస్తుంది. మార్పులు సూచించదలచినవారు ఆలోపు కార్యదర్శికి రాసి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, కార్యదర్శి