చక్రం తిరగని ఊరి నుంచి

వెనిస్
ఆదివారం రాత్రి

ఒరేయ్ కిట్టూ,

నవంబరు ఆఖర్లో అమెరికాలో ఇచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇక్కడికి వస్తానని రాశావు, సంతోషం. ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఎంతవుతుంది అని బారెడు ప్రశ్నలు పంపావు. అన్నిటికీ జవాబు రాస్తాను గానీ, ముందు నువ్వొకటి చెప్పు. పెట్టె ఎంతది తెస్తున్నావు?

అమెరికా వెళ్ళేటప్పుడు మీ అమ్మగారు పచ్చళ్ళూ పొడులూ కుక్కి ఇచ్చిన ఆ 23 కిలోల సూట్‌కేసే అయితే దాన్ని అక్కడే వదిలేసి రా. ఇక్కడ ఎంత గొప్పవాడి చక్రమైనా తిరగదు. పాత ఊళ్ళోకి కారు రాదు, బైకు రాదు, సైకిల్ తొక్కినా జరిమానా వేస్తారు. నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే. నాలుగు చక్రాల పెట్టె ప్రతి వంతెన దగ్గరా చంటిపిల్లాడైపోతుంది, ఎత్తుకోవాలి. అందుకని గది బుక్ చేసేటప్పుడు హోటల్‌వాణ్ణి "స్టేషన్‌కి ఎంత దూరం?" అని అడగకు. "దగ్గరున్న పడవల స్టాపు నుంచి మీ గుమ్మం దాకా ఎన్ని వంతెనలు?" అని అడుగు. సున్నా అన్నవాడికి పది యూరోలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. మూడు అంటే ఇంకోటి వెతుక్కో.

వీసా సంగతి ఇప్పుడే మొదలెట్టు. నీ క్లాసులో అమెరికన్ పిల్లలు నీలం పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని విమానం ఎక్కేస్తారు, 90 రోజుల దాకా వాళ్ళకి వీసా అక్కర్లేదు. మనకి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది, కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది, కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు పని. ఫీజు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. వీటికంటే ముఖ్యమైనది తిరుగు ప్రయాణం. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు, అంటే నీ అమెరికా విద్యార్థి వీసా, గడువు చూసుకో, కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుదో కాదో చూసుకో. స్టాంపు గడువు దాటితే కెనడా, మెక్సికో వెళ్ళొచ్చినట్టు ఇక్కణ్ణుంచి తిరిగి వెళ్ళలేవు. మళ్ళీ వీసా కోసం కాన్సులేట్ చుట్టూ తిరగాలి.

విమానాశ్రయం పేరు మార్కో పోలో. ఈ ఊరి మనిషే. మన మోటుపల్లి రేవు గురించి రాసినవాడు కూడా అతనే. రుద్రమదేవి పాలన గురించీ, అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ రాశాడు. ఆ రేవు పేరు అతని నోట్లో పడి "ముత్ఫిలి" అయిపోయిందనుకో. మన నోట్లో ఇటాలియన్ పేర్లు పడే పాట్లు చూస్తే అతన్ని తప్పుపట్టడానికి లేదు.

బయటికి రాగానే పియజ్జాలె రోమా వెళ్ళే బస్సు ఎక్కు. ఊళ్ళో చక్రాలకి అదే ఆఖరి మజిలీ. రైల్లో వస్తే వెనెజియా మెస్త్రె అని పేరు కనపడగానే దిగిపోకు. అది నేలమీది ఊరు. నువ్వు దిగాల్సింది వెనెజియా సాంతా లూచియా, మరో పది నిమిషాల దూరం. స్టేషన్ తలుపు దాటగానే ఎదురుగా ఊరి పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్, మెట్ల కిందే నీళ్ళు. లాస్ వేగస్ వెనీషియన్ హోటల్లో నీలం రంగు పూసిన కప్పు కింద క్లోరిన్ నీళ్ళమీద గొండోలా పడవలు తిరగడం చూశాం కదా, దాన్ని మర్చిపో. ఇక్కడ నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి, పాటు సమయంలో గోడల నాచు బయటపడి కాస్త వాసన కూడా వేస్తుంది.

ఇక్కడ బస్సంటే పడవ, పేరు వాపొరెత్తో. టికెట్టు 75 నిమిషాలకి తొమ్మిదిన్నర యూరోలు. అదే 24 గంటలకి 25. అంటే మూడుసార్లు ఎక్కేవాడు రోజు టికెట్టే తీసుకోవాలి. మన వయసువాళ్ళకి, అంటే 29 ఏళ్ళ దాకా, రోలింగ్ వెనిస్ అని ఒక కార్డు ఉంది. అది కొంటే మూడు రోజుల పాసు బాగా తగ్గింపులో వస్తుంది. కౌంటర్లో నువ్వే అడగాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ఎక్కే ముందు ప్రతిసారీ మెషీన్‌కి టికెట్టు ఆనించి బీప్ వినాలి. పాసు ఉంది కదా అని ఊరుకుంటే తనిఖీవాడు టికెట్టు లేనట్టే లెక్కేస్తాడు. ఒకే స్టాపులో రెండు మూడు తేలే ప్లాట్‌ఫారాలు ఉంటాయి, ఎటు వెళ్ళే పడవో పైన బోర్డు చూసి నిలబడు. పడవెక్కగానే వీపు మీది బ్యాగు తీసి కాళ్ళ దగ్గర పెట్టుకో. ఇక్కడి ముసలమ్మలకి విదేశీయుల మీద ఉన్న కోపంలో సగం ఆ బ్యాగుల వల్లే.

మొదటి సాయంత్రం ఇంకేం పెట్టుకోకు. పియజ్జాలె రోమాలో 1వ నంబరు ఎక్కి సాన్ మార్కో చౌకు దాకా కూర్చో. ముప్పావుగంట పడుతుంది, ప్రతి స్టాపులో ఆగుతుంది, పాత మేడలన్నీ రెండు పక్కలా వరసగా వస్తాయి. చీకటి పడ్డాక లోపల దీపాలు వెలిగితే చిత్రాలు గీసిన పైకప్పులు కిందనుంచే కనిపిస్తాయి. నవంబర్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి నిద్ర మానుకోనక్కర్లేదు.

గొండోలా గురించి అడిగావు. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 35 నిమిషాలకి 110, ఊరి పురపాలకులు కట్టిన రేటు. మనిషికి కాదు, పడవకి. ఐదుగురు ఎక్కొచ్చు. మనం ఇద్దరమే కాబట్టి ఇంకో ముగ్గుర్ని పోగుచెయ్యాలి. పాట కావాలంటే వేరే డబ్బు. అసలు విశేషం పడవలోనే ఉంది. ఎదురుగా నిలబడి చూడు, వంకరగా కనిపిస్తుంది. నడిపేవాడు వెనక నిలబడి కుడివైపే తెడ్డు వేస్తాడు. రెండు పక్కలూ సమానంగా ఉంటే పడవ ఎడమకి తిరుగుతూ పోతుంది. అందుకని ఎడమ పక్కని 24 సెంటీమీటర్లు వెడల్పుగా కడతారు. ఎనిమిది రకాల కలప, 280 ముక్కలు. ముందున్న ఇనప దువ్వెనకి ఆరు పళ్ళు, ఊళ్ళో ఆరు పేటలకి గుర్తని చెబుతారు. ఎక్కాలన్న ముచ్చట మాత్రమే ఉంటే రెండు యూరోలతో తీరిపోతుంది. రియాల్తో చేపల బజారు దగ్గర త్రగెత్తో అని రేవు పడవ ఉంటుంది, అదీ గొండోలానే, కాలవ ఒడ్డు నుంచి ఒడ్డుకి దాటిస్తారు. గోదావరి రేవు దాటినట్టే, కాకపోతే రెండు నిమిషాలు. సాయంత్రం త్వరగా ఆపేస్తారు, పొద్దున్నే వెళ్ళాలి.

ఇక చిరునామాలు. నువ్వు గూగుల్ మ్యాపుని నమ్ముకుని వస్తావని తెలుసు. సందులు అంత ఇరుకు, గోడలు అంత ఎత్తు కావడంతో సిగ్నల్ తప్పి నీ నీలం చుక్క కాలవ మధ్యలో ఈతకొడుతూ కనిపిస్తుంది. ఇంటి నంబర్లు వీధివారీగా ఉండవు, పేట మొత్తానికి ఒకే వరస. కాస్తెల్లో పేటలో ఆరు వేలు దాటతాయి. 2196 పక్కన 2197 ఉండాలన్న నియమం లేదు, అది చుట్టూ తిరిగి వెనక సందులో తేలొచ్చు. కాబట్టి హోటల్‌వాణ్ణి నంబరుతో పాటు సందు పేరు, దగ్గరున్న చర్చి పేరు అడిగి పెట్టుకో. కాల్లె అంటే సందు, కాంపో అంటే చౌకు, రియో అంటే పిల్లకాలవ, రియో తెరా అంటే పూడ్చేసి వీధిగా మార్చిన కాలవ, సొతొపోర్తెగో అంటే ఇళ్ళ కింద సొరంగంలాంటి దారి. పియజ్జా అన్న పేరు సాన్ మార్కో ఒక్కదానికే. గోడలమీద పసుపు బోర్డులు రియాల్తోకో సాన్ మార్కోకో దారి చూపిస్తాయి. ఒక్కోచోట ఒకే పేరుకి ఎడమకీ కుడికీ బాణాలుంటాయి. పరిహాసం కాదు, రెండు దారులూ వెళతాయి. సందు చివర మెట్లు నీళ్ళలోకి దిగిపోతుంటే మాత్రం వెనక్కి తిరుగు. అది పడవ ఉన్నవాడి గుమ్మం.

ఈ చక్రాల్లేని కాపురం ఎలా సాగుతుందో చూడాలంటే పొద్దున ఏడింటికి ఏదైనా వంతెనెక్కి నిలబడు. కూరగాయల పడవ, సిమెంటు బస్తాల పడవ, లాండ్రీ పడవ, కొరియర్ పార్సిళ్ళ పడవ. చెత్త కూడా పడవలోనే పోతుంది. అంబులెన్సు పడవ అలలు లేపుకుంటూ ఆసుపత్రి రేవుకి పోతుంది. నాకడిగితే ఈ వంతెన మీది అరగంట ఏ మ్యూజియానికీ తీసిపోదు, పైగా టికెట్టు లేదు.

సాన్ మార్కో చర్చికి ఆన్‌లైన్లో వేళ తీసుకుని వెళ్ళు. మోకాళ్ళూ భుజాలూ కప్పుకోవాలి, పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. వరసలో గంట నిలబడ్డాక ఈ బ్యాగు దగ్గరే చాలామంది వెనక్కి వెళతారు. పై అంతస్తులో నాలుగు కంచు గుర్రాలు తప్పకుండా చూడు. బయట వరండాలో ఉన్నవి నకళ్ళు, అసలువి లోపల. 1204లో వెనిస్ సేనలు కాన్‌స్టాంటినోపుల్ దోచుకున్నప్పుడు తెచ్చుకున్నవి, 1797లో నెపోలియన్ పారిస్ పట్టుకుపోయాడు, 1815లో తిరిగొచ్చాయి. దొంగసొత్తుని దొంగిలించినవాడి మీద ఊరివాళ్ళకి ఇంకా కోపమే. పక్కనున్న గంటల బురుజు 1902 జూలై 14న ఉన్నపళాన కూలింది, మనుషులెవరూ పోలేదు. ఉన్నచోటే ఉన్నట్టుగా 1912కి మళ్ళీ కట్టారు. దాన్ని ఎక్కడానికి వరసలో నిలబడకు. 2వ నంబరు పడవలో ఎదుటి దీవి సాన్ జార్జొ మజ్జోరెకి వెళ్ళి అక్కడి బురుజెక్కు. లిఫ్టు ఉంది, జనం తక్కువ. పైగా సాన్ మార్కో బురుజు మీద నిలబడితే సాన్ మార్కో బురుజు కనపడదు కదా!

నువ్వొచ్చేది ఆక్వా ఆల్తా కాలం, అంటే పెద్ద పోటు. అక్టోబరు నుంచి జనవరి దాకా దాని రాజ్యం. 2020 అక్టోబరులో మొదటిసారి వాడిన మోసె గేట్లు ఉన్నాయిగా, ఇంకా భయమేమిటంటావు. సముద్రపు ముఖద్వారాలు మూడింటి దగ్గర 78 గేట్లు నీళ్ళు నింపుకుని అడుగున పడుకుని ఉంటాయి. వాటిలోకి గాలి పంపిస్తే లోపలి నీళ్ళు బయటికి పోయి పైకి లేస్తాయి. అయితే పోటు 110 సెంటీమీటర్లు వస్తుందని అంచనా ఉంటేనే లేపుతారు. సాన్ మార్కో చౌకు అంతకంటే చాలా తక్కువకే తడుస్తుంది. ఒడ్డు పొంగి రావు నీళ్ళు, చౌకులో మురుగు నీటి రంధ్రాల నుంచే పైకి ఉబుకుతాయి. కంగారుపడి వంద యూరోల బూట్లు కొనకు. బల్లల్లాంటి నడకదారులు వేస్తారు, కుడిపక్కనే నడువు, మధ్యలో ఆగి ఫోటో తీయకు. కొన్ని గంటల్లో పాటు మొదలై నీళ్ళు వాటంతటవే పోతాయి. పోటు లెక్కలు ఊరి యాప్‌లో మూడు రోజుల ముందే ఇస్తారు.

పగటిపూట వచ్చిపోయేవాళ్ళ దగ్గర వసూలు చేసే ప్రవేశ రుసుము 2024లో ఐదు యూరోలతో మొదలుపెట్టారు. అది వసంతం, వేసవి రోజులకే, నవంబర్లో ఆ బాధ లేదు. నవంబరు 21కి ముందే దిగగలిగితే మాత్రం అదృష్టవంతుడివి. ఆరోజు సలూతె చర్చి పండుగ. 1630లో వచ్చిన ప్లేగు తగ్గితే గుడి కడతామని మొక్కుకుని కట్టింది. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని, ఆ కొద్ది రోజులకే గ్రాండ్ కెనాల్ మీద వేసే తేలే వంతెన దాటి వెళతారు. మన జాతరలాగే బయట మిఠాయి అంగళ్ళు, బెలూన్లు. ఆ చర్చి కింద బురదలో పది లక్షలకు పైగా కర్ర గుంజలు దిగేశారు. బురదలో గాలి తగలదు కాబట్టి చాలా నెమ్మదిగా తప్ప కుళ్ళవు, వందల ఏళ్ళు నిలుస్తాయి.

తిండికి బాకరో అనే చిన్న కొట్లు వెతుకు. అద్దాల పెట్టెలో రొట్టెముక్కల మీద రకరకాలు పేర్చి ఉంటాయి, చికెత్తి అంటారు, ఒక్కోటి రెండు యూరోలు అటూ ఇటూ. నాలుగు తిని నిలబడే ఒక చిన్న గ్లాసు తాగి పక్క కొట్టుకి పోవడం ఇక్కడి పద్ధతి. సార్దె ఇన్ సావోర్ తప్పక తిను. వేయించిన చేపల్ని ఉల్లిపాయలు, వెనిగర్, ఎండుద్రాక్షలో నానబెడతారు, రుచి మర్నాటికి వస్తుంది. నెల్లూరు చేపల పులుసు తిన్నవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీ శాకాహార వారాల్లో పెపెరోని పిజ్జా ధైర్యంగా అడుగు, ఇక్కడ పెపెరోని అంటే క్యాప్సికమ్. ఉత్త "లాతె" అంటే గ్లాసుడు పాలు తెచ్చిపెడతారు, "కఫె లాతె" అనాలి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరోన్నర లోపే. అదే సాన్ మార్కో చౌకులో కుర్చీలో కూర్చుంటే పది దాటుతుంది, బ్యాండు వాయిస్తుంటే సంగీతానికి వేరే వడ్డింపు. మెనూలోనే రాసి ఉంటుంది కాబట్టి గొడవపడి లాభం లేదు. బిల్లులో "కొపెర్తో" అని ఉంటే అది మోసం కాదు, కూర్చున్నందుకు తలకింత. టిప్పు 20 శాతం లెక్కలు ఇక్కడ మరిచిపో. పన్ను కూడా రాసిన ధరలోనే ఉంటుంది, నీ అమెరికా అలవాటు చొప్పున కౌంటర్ దగ్గర మనసులో కూడుకోకు. నీళ్ళ సీసా కొనకు, చౌకుల్లో కుళాయిలున్నాయి, మంచి నీళ్ళే.

గాజు పనికి పేరున్న మురానో దీవికి ఉచితంగా పడవలో తీసుకెళతామని హోటల్లో ఎవరైనా అంటే వద్దను. ఆ పడవ నేరుగా గాజు షాపులో దించుతుంది, కొనకపోతే తిరుగు పడవ గుర్తుండదు. నీ పాసుతోనే 4.1 ఎక్కి వెళ్ళు. ఒక రోజు మిగిలితే ఫొందమెంతె నొవె నుంచి 12వ నంబరులో బురానో పోదాం, ముప్పావుగంట. రంగుల ఇళ్ళ ఊరు. ఇల్లుగలవాడు కూడా తోచిన రంగు వేసుకోడానికి లేదు, అనుమతి తీసుకోవాలి.

విమానం ఎన్నింటికి దిగుతుందో, పెట్టె ఎంతుందో రెండూ రాయి. పియజ్జాలె రోమా బస్టాండులో ఉంటాను. మా గదికి మధ్యలో రెండు వంతెనలు. గోంగూర తెస్తే చిన్న సీసా తే, దాన్ని నేను మోస్తాను. మిగతాది నీ పాట్లు.

నీ
సుబ్బు