కార్యదర్శి వార్షిక నివేదిక: ఈ ఏటి చేదు ఆకుల సాగు

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలియనివి కావు కనుక నేరుగా పనిలోకి వస్తాను. ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోదగ్గవి ఎండివ్, రాడికియో అనే రెండు చేదు ఆకుకూరలు. చివరి మంచు ఇంకా ఐదు వారాలుందనగా ఇంట్లోనే ప్రోట్రేలలో (నారు పెంచే గుంటల ట్రేలలో) విత్తాం. గింజ మీద అర సెంటీమీటరుకు మించి మట్టి కప్పలేదు. వారం తిరిగేసరికి మొలకలు లేచాయి. నీళ్లు పైనుంచి పోయొద్దు, ట్రే అడుగున పెట్టండని పదేపదే చెప్పిన మన పెద్దాయనకు ప్రత్యేక ధన్యవాదాలు. ఆ మాట వినని రెండు ట్రేలు నారుకుళ్ళు తెగులుకు పోయాయి. అందులో ఒకటి నాదే.

తొందరపడి ముందే బయట నాటిన మడి సంగతీ రాయాలి. లేత మొక్కలకు 10 డిగ్రీల లోపు చలి చాలా రోజులు తగిలితే, పగటి పొద్దు పెరగగానే పూతకాడ తోసేస్తాయి. తోశాయి. కాడ తెంచితే తెల్లటి పాలు కారాయి. చేదు ఎక్కువగా ఆ పాలలోనే ఉంటుంది. వారం పాటు రోజూ కాసేపు ఎండకూ గాలికీ అలవాటు చేసి, 30 సెంటీమీటర్ల ఎడంలో నాటిన నారు మాత్రం నిలబడింది.

ఇక రుచి చూసిన రోజు. అంతకు రెండు వారాల ముందు, తడి ఆరాక, లోపలి ఆకులకు వెలుతురు తగలక చేదు తగ్గేలా, ఎండివ్ బయటి ఆకుల్ని పైకి చేర్చి సిగ ముడిచినట్టు దారంతో కట్టాం. విప్పితే లోపల లేత పసుపు ఆకులు, నాలుక చివర తగిలీ తగలనంత చేదు. మొహం చిట్లించిన పిల్లలే రెండోసారి చెయ్యి చాపారు! తడిగా ఉండగా కట్టినవి మూడు లోపల కుళ్లాయి, అవి బల్ల మీదికి రాలేదు.

కట్టే పనికి పేర్లిచ్చినవారు ఇరవై మంది, వచ్చినవారు నలుగురు. ఫొటోకు మాత్రం అందరూ వచ్చారు. కుళాయి కోసం మూడు అర్జీలు పెట్టాం. మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే.

జమాఖర్చుల పట్టిక జతచేశాం, మిగులు స్వల్పం. ట్రేలు అరువిచ్చినవారికి, మడి తవ్వినవారికి, నా చేతిరాత చదివి టైపు చేసిన సహ కార్యదర్శి గారికి కృతజ్ఞతలు.

ముందే పూతకొచ్చిన మొక్కల విత్తనం ఎవరూ దాచవద్దు, ఆ గుణమే మళ్లీ రావచ్చు. ట్రేలు కడిగే పనికి పేర్లు రాసుకుంటున్నాం. ఇచ్చినవారు దయచేసి రండి.

ఇట్లు,
కార్యదర్శి