మీటరులో 42 శాతం, చేతిలో ఇనుప రేకు

రవాణా శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ దాకా వచ్చాయో లేదో తెలియదు, నకళ్లు మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మొదటిది తెలుగులో రాస్తే ఇక్కడ చెల్లదు, ఒడియాలో రాసుకురమ్మన్నారు. ఒడియాలో రాయించి తీసుకెళితే కాగితాలు తీసుకోవడం మానేశాం, ఆన్‌లైన్‌లో పెట్టుకోండన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టిన పదకొండో రోజున ఫోనుకు ఒక సందేశం వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.’ ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ రోజు కూడా నా బండి ముందు చక్రాలు ఊడదీసి మా వాకిట్లో ఇటుకల మీదే ఉంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

విషయం చూడడానికి చిన్నది. చక్రం ఆపడానికి దాని డిస్కును రెండు వైపులా నొక్కే బ్రేకు ప్యాడ్ సంగతి. ఇనుప రేకు మీద అరిగే పొర ఉంటుంది, దాన్నే లైనింగు అంటారు. నిజానికి నా గొడవ ప్యాడ్‌తో కూడా కాదు, ప్యాడ్ ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకెతో. ఇప్పుడు వచ్చే కొన్ని పికప్ బండ్లలో డీజిల్ ఎంత ఉందో చూపించినట్టే బ్రేకు ప్యాడ్ ఎంత ఉందో కూడా స్టీరింగు వెనక తెర మీద శాతాల్లో చూపిస్తున్నారు. అలాంటి బండే అప్పు చేసి కొన్నాను. అమ్మినవాళ్లు ఆ అంకెను వేలు పెట్టి మరీ చూపించారు. ‘ఇక చక్రం విప్పి చూసుకునే బాధ లేదండీ’ అన్నారు. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా పొట్టంగి. కుందులి సంతలో అల్లం, కాలీఫ్లవరు, బంగాళాదుంప ఎత్తి సుంకి ఘాటు మీదుగా సాలూరు, విజయనగరం చేరుస్తాం. రోడ్డు మీ రికార్డుల్లో 26వ నంబరు జాతీయ రహదారి, మాకు ఇప్పటికీ పాత నలభై మూడే. కొరాపుట్ సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉంటే సాలూరు వంద పైచిలుకులో ఉంటుంది. ఆ తేడా అంతా మేము బ్రేకు మీద దిగాలి. పైగా మా దారిలో ఒక మెలిక ఉంది, దయచేసి గమనించండి. సరుకెప్పుడూ కిందికే పోతుంది. పైకి వచ్చేటప్పుడు బండి దాదాపు ఖాళీ. అంటే బరువుతో ఎక్కేది లేదు, బరువుతో దిగేదే ఉంది. సమతలం మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండికీ, మా దారిలో తిరిగిన బండికీ పోలికే లేదు.

సంక్రాంతికి పది రోజుల ముందు, తెల్లవారుజామున నాలుగింటికి, అల్లం బస్తాలతో దిగుతున్నాం. మా మేనల్లుడు నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. మంచు దట్టంగా ఉంది. ముందు కుడి చక్రం దగ్గర గరగరమని చప్పుడు మొదలైంది. ‘మామయ్యా, రాయి చిక్కినట్టుంది’ అన్నాడు. నేను తెర వైపు చూశాను. నలభై రెండు శాతం. ‘ప్యాడ్లు బాగానే ఉన్నాయిరా, కింద సుంకిలో ఆపి చూద్దాం’ అన్నాను. ఆ మాట అన్నది నేనే. రాత్రి నిద్ర పట్టనప్పుడు గుర్తుకొచ్చేది అదే.

రెండు మలుపులు దాటాక కాలిన వాసన వచ్చింది. ఆ తరువాత వాడు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, బురదలో కాలు దిగినట్టు, లోపలికి పోయింది. వాడు కేక వేయలేదు. మూడో గేరు, వెంటనే రెండో గేరు వేసి, చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ, కొండవైపు కాలువలోకి చక్రం దించి బండి ఒళ్లంతా గట్టుకు రాసుకుంటూ ఆపాడు. ఆగిన చోటికి ముప్పై అడుగుల్లో మలుపు. ఆ మలుపులోంచి ఒక బస్సు పైకి వచ్చింది. కండక్టరు తల బయటపెట్టి, బండి అడ్డంగా పెట్టారేమిటని మమ్మల్ని తిట్టి వెళ్లాడు. ఆ తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అంతవరకూ తెలియదు.

పొద్దున్న సాలూరు నుంచి మెకానిక్కు వచ్చి చక్రం విప్పాడు. బయటి ప్యాడ్‌కు ఇంకా లైనింగు ఉంది. లోపలిది తీసి నా అరచేతిలో పెట్టాడు. లైనింగు అన్నదే లేదు, ఒట్టి ఇనుప రేకు. వేడికి అంచులు నీలం తిరిగాయి. డిస్కు మీద నాగలి దున్నినట్టు చాళ్లు పడ్డాయి. అప్పుడు తాళం తిప్పి చూశాం. తెర మీద అదే నలభై రెండు, ప్రశాంతంగా వెలుగుతోంది.

ఎలా జరిగిందో ఆ మెకానిక్కే చెప్పాడు. ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే క్యాలిపర్ జారాల్సిన పిన్ను బురదకు, తుప్పుకు బిగుసుకుపోయింది. దాంతో భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడింది. అది అరిగాక అడ్డం లేక వేడి తిన్నగా క్యాలిపర్‌లోకి ఎక్కి బ్రేక్ ఆయిల్ మరిగింది, పెడల్ పోయింది. మరి అంకె? మా బండిలో ఆ అంకె ప్యాడ్‌ను కొలిచి చెప్పేది కాదట. ఎన్నిసార్లు బ్రేకు తొక్కాం, ఎంత గట్టిగా తొక్కాం, అప్పుడు వేగమెంత అన్న లెక్కలు వేసుకుని లోపలి కంప్యూటర్ ఊహించి చెబుతుందట. పిన్ను బిగుసుకుపోయిన సంగతి దానికేం తెలుసు? కొన్ని బండ్లలో ప్యాడ్‌లోనే తీగ ఉంటుంది, అరిగి అరిగి తీగ దాకా వస్తే దీపం వెలుగుతుంది. అదైనా చాలాసార్లు ఒక వైపు చక్రంలో, ఒక ప్యాడ్‌కే ఉంటుంది. రెండో వైపుది దేవుడి దయ. ఇక వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల్లో లైనింగు సంగతి మా తెరకు అసలు పట్టనే పట్టదు.

షోరూముకు వెళ్లాను. ‘ఘాటులో నడిపితే ప్యాడ్లు త్వరగా అరుగుతాయండీ, అరిగే వస్తువుకు వారంటీ ఉండదు’ అన్నారు. నేను ప్యాడ్‌కు వారంటీ అడగలేదు మంత్రిగారూ, అంకెకు అడిగాను. అప్పుడు బండితో ఇచ్చిన లావుపాటి పుస్తకం తెరిచి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించారు. అంకె అంచనా మాత్రమేననీ, ప్యాడ్లను ఎప్పటికప్పుడు విప్పి చూసుకోవాలనీ దాని సారాంశం. బండి అమ్మేటప్పుడు వేలు పెట్టి చూపించింది అంకెను, చావు తప్పాక చూపించింది ఆ వాక్యాన్ని. అంచనా అయితే తెర మీదే ‘అంచనా’ అని రాయడానికి ఏమడ్డం? కొలిచినట్టు నలభై రెండు అని, నలభై మూడు కాదు, నలభై ఒకటి కాదు అన్నంత ధీమాగా ఎందుకు చూపించాలి?

ఇంకో ముచ్చట. కొత్త ప్యాడ్లు వేయించాక అంకె మళ్లీ నూరుకు తేవాలంటే కంపెనీ స్కానరు కావాలి. ఘాటు కింద షెడ్డులో మెకానిక్కుకు అది ఉండదు. ప్యాడ్లు కొత్తవి, అంకె పాతది. అదే కంపెనీ షోరూములో సర్వీసుకిచ్చిన మా పక్కింటాయన బండికి ప్యాడ్లు మార్చకుండానే అంకె నూరుకు చేరింది. మీట ఎవరి చేతిలో ఉంటే నిజం వాళ్లది.

మీరు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కదా అనవచ్చు. ఉంది. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకొకసారి. వారానికి నాలుగు ఖేపులు వేసుకున్నా ఆ రెండేళ్లలో నా బండి నాలుగు వందల సార్లకు పైగా ఘాటు దిగుతుంది. పోనీ పరీక్షలోనైనా ఏం చూస్తారు? రోలరు మీద చక్రం తిప్పి బ్రేకు ఎంత బలంగా పడుతుందో చూస్తారు. రూపాయి బిళ్ళంత మిగిలిన ప్యాడ్ కూడా ఆ రోజుకు బలంగానే పడుతుంది. చక్రం ఎవరూ విప్పరు. యంత్రాలు పెట్టి మనిషి ప్రమేయం తగ్గించామని గొప్పగా చెప్పుకున్నారు, సంతోషం. మా సాలూరు పాత లారీ డ్రైవరు ఒకాయన నా కథ విని నవ్వి, ‘అద్దంలో అంకె చూసుకుని ఘాటు దిగినవాణ్ణి నిన్నే చూశాను బాబూ’ అన్నాడు. ఆయన నలభై ఏళ్లు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి, వాసన చూసి దిగాడు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షను ఉంది. లోపమున్న బండ్లను కంపెనీ చేత వెనక్కి రప్పించే అధికారం అందులో ప్రభుత్వానికి ఉంది. దాని సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. యజమానుల్లో ఇంత శాతం మంది ఫిర్యాదు చేయాలన్నది అందులో ఒక దారి. మాలో కొందరి బండ్లకు ఒడిశా నంబరు, ఒడీ-10, కొందరివాటికి ఆంధ్ర నంబరు, ఏపీ-39. కొందరికి అర్జీ పెట్టవచ్చనే తెలియదు. తెలిసిన నాకు ‘పరిష్కరించబడినది’ అని వచ్చింది. మరి ఆ శాతం ఎప్పటికి నిండుతుంది? ఫిర్యాదులే అక్కరలేదు, పరీక్షా సంస్థ చెప్పినా చాలని అదే సెక్షనులో ఉంది కదా. ఒక్కసారి ఎవరినైనా పంపండి. బరువేసిన బండిలో కూర్చుని సుంకి ఘాటు దిగి, కింద చక్రం విప్పి, తెర మీది అంకెనూ చేతిలోని ప్యాడ్‌నూ పక్కపక్కన పెట్టి చూడమనండి. టీ ఖర్చు నాది.

ఆ అంకెకు ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి, నేను అడిగేది అంతే. సరిగా చూపించమనండి, లేదా అంచనా అని తెర మీదే రాయమనండి, అదీ కాకపోతే తీసేయమనండి. అంకె లేని రోజుల్లో మేము చక్రం విప్పి చూసుకునేవాళ్లం.

ఆ అరిగిన ప్యాడ్ నా దగ్గరే ఉంది. ప్రస్తుతానికి మీకు పెట్టుకున్న మూడు అర్జీల నకళ్లు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద పెట్టాను. అడిగితే పంపిస్తాను. మా మేనల్లుడు మళ్లీ ఘాటు దిగుతున్నాడు, కిస్తీలు ఆగవు కదా. వాడు తెర మీద ఆ అంకె ఉన్న చోట నల్ల టేపు అతికించాడు.

ఇట్లు,
పొట్టంగి నుంచి ఒక పికప్ బండి యజమాని,
కొరాపుట్ జిల్లా, ఒడిశా