లహరికి అమ్మ రాసేది

లహరీ,

నిన్న ఫోన్‌లో "పై ఫ్లోర్ అంకుల్ పోయింది క్యాన్సర్‌తో కదమ్మా, డ్యూటీలో కాదుగా! మరి అధికారిక లాంఛనాలు దేనికి?" అన్నావు. ఫోన్‌లో చెబితే మనిద్దరికీ వాదనవుతుందని రాస్తున్నాను.

డ్యూటీలోనే పోయాడమ్మా. కాకపోతే పోవడానికి ఇరవై ఏళ్ళు దాటింది.

2001 సెప్టెంబర్ 11 నాటికి నువ్వు పుట్టలేదు. ట్విన్ టవర్లు కూలిన శిథిలాల్లో మంటలు డిసెంబర్ దాకా ఆరలేదు. ఎఫ్‌డీఎన్‌వైలో, అంటే న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో, అంబులెన్స్ పారామెడిక్‌గా అంకుల్ వారాల తరబడి అక్కడే ఉన్నాడు. సిమెంటు పొడి, గాజు పీచు, ఆస్‌బెస్టాస్, సీసం అన్నీ కలిసిన దుమ్ము. చాలామందికి మొదట్లో సరైన మాస్కులే లేవు. పైగా వారం తిరిగేసరికి, అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ పెద్దగా ఉన్న క్రిస్టీన్ విట్‌మన్ గాలికి ఏమీ ఫర్వాలేదని ప్రకటించింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈమధ్య మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయేవాడు. ఎవరైనా చూస్తే జేబులో తాళాలు వెతుక్కుంటున్నట్టు నటించేవాడు. తాళాలు చేతిలోనే ఉండేవి. నేనూ చూడనట్టే దాటిపోయేదాన్ని.

జబ్బుకీ దుమ్ముకీ సంబంధం ఏంటని అడిగింది నువ్వొక్కదానివే కాదులే. ఆ శిథిలాల్లోనే పనిచేసిన జేమ్స్ జడ్రోగా అనే పోలీసు డిటెక్టివ్ 2006లో పోతే, కారణం ఆ దుమ్మేనా కాదా అని డాక్టర్లే తగువులాడుకున్నారు. చివరికి ఆయన పేరు మీదే 2011 జనవరిలో చట్టం వచ్చింది. ఇలాంటి రోగులకు వైద్యం 2090 దాకా నడిచేలా తర్వాత దాన్ని పొడిగించారు.

ఆ ఒక్క రోజు ఎఫ్‌డీఎన్‌వై 343 మందిని పోగొట్టుకుంది, అందులో పారామెడిక్‌లు ఇద్దరు. 2023 సెప్టెంబర్‌కి, ఆ జబ్బులతో పోయినవాళ్ళూ అంతే మంది అయ్యారు. ఆ లెక్క ఇంకా పెరుగుతూనే ఉంది. బ్రూక్లిన్‌లో వాళ్ళ హెడ్ ఆఫీసు గోడమీద ఏటా సెప్టెంబర్‌లో కొత్త పేర్లు చేరుస్తారు. అంకుల్ పేరు కూడా అక్కడ ఉంటుందని ఆంటీ చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ ఏడవలేదు. పేరులో ఒక్క అక్షరం తప్పు పోకుండా చూడాలని మాత్రం రెండుసార్లు అంది.

శనివారం పదింటికి చర్చిలో. పొద్దున్నే బయల్దేరు, ఆంటీ నిన్ను అడిగింది.

నీ ఈఎంటీ కోర్సు (అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే పని) సంగతి నాన్నకి చెప్పేశాను. టెన్షన్ పడతారనుకున్నా. మాస్కు ఫిట్ టెస్ట్ ఎప్పుడు చేస్తారని మాత్రం అడిగారు. కనుక్కుని చెప్పు.

అమ్మ