మా పెరట్లో ఏం మందు కొట్టారో రాసి ఇవ్వండి

వేదాయపాళెం,
నెల్లూరు.

మేనేజర్ గారికి,

విషయం: మే 20న మా ఇంట్లో మీ మనిషి కొట్టిన మందు, దానివల్ల పాడైన మొక్కలు.

నమస్కారమండీ. ఇంటి ముందు లాను, పెరటి మొక్కలు చూసుకోవడానికి మార్చిలో మీకు ఏడాదికి 18 వేల రూపాయలు ముందే కట్టాను. మొదటి రెండు నెలలు గడ్డి కత్తిరించడం, పాదులు చేయడం బాగానే జరిగింది. దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మేలో మందారాలకు పిండినల్లి పట్టింది. కొమ్మల చివర్లు దూది అంటించినట్టు తెల్లగా అయిపోయాయి, కాండం మీద చీమల బారులు. నేనే మీ ఆఫీసుకు ఫోన్ చేసి, వేపనూనె, సబ్బునీళ్లు కొట్టి, చీమలు ఎక్కకుండా చూస్తే చాలని చెప్పాను. పిండినల్లి కార్చే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి, కొత్త కొమ్మలకు మోసుకెళ్తాయి. వాటిని ఆపకుండా ఎంత మందు కొట్టినా అది మళ్లీ వస్తుంది.

మీ కుర్రవాడు 20వ తేదీ మధ్యాహ్నం 12 గంటలకు వచ్చాడు. ముందు లానులో కలుపు మందు కొట్టాడు. తర్వాత అదే స్ప్రేయర్ ట్యాంకులో, కడగకుండానే, కూల్ డ్రింక్ సీసాలోంచి ఇంకేదో మందు పోసి నీళ్లు కలిపి మందారాలకు కొట్టాడు. మండుటెండ, పైగా గాలి. చేతికి గ్లౌజులు లేవు, మూతికి గుడ్డ లేదు. ఆ పిల్లాడికి మీరు అవి కూడా ఇవ్వలేదా? మిగిలిన మందుతో ఆ సీసాను మోటారు గోడ మీద పెట్టి మర్చిపోయాడు. మా ఐదేళ్ల మనవరాలు ఆడుకునే చోటు అది. నేను చూసి కేక వేస్తే వచ్చి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పురుగుమందు డబ్బా మీద పేరు, విషం తీవ్రత తెలిపే రంగు త్రికోణం, విరుగుడు వివరాలు ఉండాలి. ఎరుపు త్రికోణం అన్నిటికన్నా ప్రమాదకరం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. కూల్ డ్రింక్ సీసా మీద ఏముంటుంది? పొరపాటున ఎవరైనా తాగితే డాక్టరుకు ఏం చెప్పాలి?

పది రోజులకు మందారం కొత్త ఆకులు రిబ్బన్లలా సన్నగా, మెలితిరిగి వచ్చాయి. పక్కనున్న బెండ మొక్కలు వంగిపోయాయి. గడ్డికి మాత్రం ఏమీ కాలేదు. కోవూరు దగ్గర వరి పండించే మా తమ్ముడు చూడగానే, "అక్కా, ఇది 2,4-డి లాంటి కలుపు మందు పనే. వరికి ఏమీ కాదు గానీ బెండ, పత్తి దాని వాసనకే ముడుచుకుపోతాయి. ఆ ట్యాంకు మేం వేరేగా పెట్టుకుంటాం" అన్నాడు. మందారం కూడా బెండ కుటుంబానిదే. తమ్ముడి అంచనా తప్పైనా కావచ్చు, కాబట్టే మందు పేరు అడుగుతున్నాను. మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "ఎండలకు అలాగే అవుతాయి మేడం" అన్నారు.

మందారానికి మూరెడు దూరంలో మా కరివేపాకు చెట్టు ఉంది. ఆ ఆదివారం చేపల పులుసులోకి మా అమ్మ ఆ రెబ్బలే తుంచి వేసింది. మందు కొట్టాక ఎన్ని రోజులు కోయకూడదో మాకు ఒక్క మాట చెప్పినా ఆగేవాళ్లం. ఇప్పుడు కళ్లముందు చెట్టు పెట్టుకుని బజార్లో కొంటున్నాం.

ఆ రోజు వాడిన రెండు మందుల పేర్లు, మోతాదు వారం లోపల రాసి ఇవ్వండి. తెలిసిన మనిషిని పంపి మొక్కలు చూపించండి, చచ్చినవాటికి బదులు కొత్తవి నాటించండి. ఇక మీదట మందు కొట్టే పని మాకు వద్దు, మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇవ్వండి. సమాధానం రాకపోతే ఫోటోలు, రసీదు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

డబ్బు సంగతి నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు. మందు పేరు మాత్రం ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్