పోటు వేళకు వేసిన బల్ల: మీ రిసార్ట్‌లో మా కుటుంబ విందుపై ఫిర్యాదు

రిసార్ట్ జనరల్ మేనేజర్ గారికి,

విషయం: పోయిన నెల పౌర్ణమి నాడు మా కుటుంబం 27 మందికి మీరు ఏర్పాటు చేసిన బీచ్ విందు, ఆటల ప్యాకేజీ గురించి.

అయ్యా,

గది ఖాళీ చేసేటప్పుడు మీ రిసెప్షన్‌లో ఒక ఫారం ఇచ్చి, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారని అడిగారు. ఏం రాయాలో తోచక ఖాళీగానే ఇచ్చి వచ్చేశాను. ఇప్పటికి పది రోజులైంది. కోపం కాస్త చల్లారింది కానీ బిల్లు చూసినప్పుడల్లా మళ్లీ మొదలవుతోంది. అందుకే ఈ ఉత్తరం.

మా వాళ్లందరం ఒకచోట చేరి ఏడేళ్లయింది. తాతయ్యకు 84, మా తమ్ముడి పాపకు 14 నెలలు. అందరికీ సెలవులు కుదిరేలా చూడటానికే మూడు నెలలు పట్టింది. బుకింగ్ మెయిల్‌లో నేను రాసిన మొదటి వాక్యం మీ దగ్గర ఇంకా ఉండే ఉంటుంది: 'వంటకాలు ఏవైనా సరే, అందరం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.' తప్పకుండా, నీటి అంచునే పొడవాటి బల్ల వేయిస్తామని మీ వాళ్లు బదులిచ్చారు. అందుకు మామూలు రేటు మీద 15 శాతం అదనంగా, మొత్తంలో సగం ముందుగానే కట్టించుకున్నారు.

బల్ల వేశారు, కాదనను. ఎక్కడ వేశారన్నదే గొడవ. తాతయ్యది చక్రాల కుర్చీ అని, ఇసుకలో చక్రాలు దిగబడిపోతాయని ముందే చెప్పాం. బల్ల దాకా చాపలు పరుస్తామన్నారు. తీరా వెళితే చాపల్లేవు. నలుగురం కలిసి ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. కుర్చీ దించగానే వెనక కాళ్లు రెండూ ఇసుకలోకి దిగిపోయాయి. ఆయన భోజనం చేయాల్సిన మనిషిలా కాక నక్షత్రాలు లెక్కపెట్టే మనిషిలా వెనక్కి వాలిపోయారు. చివరికి మా బావ తన చెప్పులు రెండూ కుర్చీ కాళ్ల కింద పెట్టాడు.

ఏడున్నరకు కూర్చున్నాం. ఎనిమిదీ పదికి తాతయ్య కిందకి చూసి, 'నీళ్లొచ్చాయే' అన్నారు. నవ్వుతాలుకి అన్నారనుకున్నాం. ఇంకో రెండు అలలకి బల్లగుడ్డ అంచులు తడిశాయి, మూడో అలకి చివరన ఉన్న దీపాలు పడిపోయాయి. పిల్లలకైతే పండగే. పెద్దవాళ్లం మాత్రం ఒక చేత్తో కంచం, ఒక చేత్తో పసివాళ్లు, మధ్యలో తాతయ్య కుర్చీ. ఆ పది నిమిషాలు నేను మళ్లీ పడదలుచుకోలేదు.

మీ విందుల ఇన్‌చార్జి చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను. 'పోయిన వారం ఇదే టైముకి ఇక్కడే పార్టీ చేశాం మేడమ్, చుక్క నీరు రాలేదు. సముద్రం కదా, మన చేతుల్లో ఉండదు.'

సముద్రం మీ చేతుల్లో ఉండదు, నిజమే. పోటు టైము మాత్రం ముందే తెలుస్తుంది. చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారం తిరిగేసరికి ఆ తేడా ఆరు గంటలకు దగ్గరవుతుంది. ఈ రాత్రి నిండు పోటు ఉన్న వేళకు పోయిన వారం నీరు బాగా వెనక్కి తగ్గి ఉంటుంది. పైగా మా విందుకు ముందు వారం అష్టమి, చిన్న పోట్ల రోజులు. మాకు విందు ఇచ్చింది పౌర్ణమికి. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలోకి వచ్చి పోటు బాగా ముందుకొచ్చే రోజులవి. ఒడ్డున వ్యాపారం చేసేవాళ్లకు ఇది నేను చెప్పాల్సిన సంగతి కాదు. పోటు పట్టిక ఒకటి వంటగది గోడకు అంటించి ఉంటే బల్ల ఇంకో ఇరవై అడుగులు పైకి పడేది, ఈ ఉత్తరం ఉండేది కాదు.

తర్వాత మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు. అక్కడ 27 మందికి ఒక్క బల్ల లేదు. ఆరు బల్లలు, రెండు హాళ్లు. తాతయ్య ఒక హాల్లో, ఆయన్ను చూడ్డానికే విమానం ఎక్కి వచ్చిన ఆయన చెల్లెలు రెండో హాల్లో. ఆయన చెవి మెషిన్ పెట్టుకుంటారు. ఆ స్పీకర్ల మోతకి విసిగిపోయి మెషిన్ తీసి జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత ఆయనతో ఎవరూ మాట్లాడలేకపోయారు.

ఇక తిండి. బుఫేలో వేయించిన చేప ట్రే కింద మంట ఆరిపోయి ఉంది. ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే అందులో బ్యాక్టీరియా త్వరత్వరగా పెరుగుతుంది, రెండు గంటలు దాటితే తినకూడదంటారు. మరునాడు మాలో ఇద్దరికి కడుపు పాడైంది. అది ఆ చేపవల్లే అని అనను, ఆ రోజు వాళ్లు బయట కూడా తిన్నారు. కానీ మంట ఆరిందని మా పిన్ని రెండుసార్లు చెప్పినా ఎవరూ వెలిగించలేదన్నది మాత్రం నేను చూశాను.

నన్ను అంతకంటే భయపెట్టింది వేరుశెనగ సంగతి. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు, వేరుశెనగ పడదు. మెయిల్‌లో రెండుసార్లు రాశాం. వంటకాల ముందు ఒక్క చీటీ కూడా లేదు. రెండు గిన్నెలకు ఒకటే గరిటె. ఇందులో వేరుశెనగ ఉందా అని అక్క అడిగితే వడ్డించే అబ్బాయి, 'కొంచెమే ఉంటుంది మేడమ్, ఏం కాదు' అన్నాడు. అలాంటి అలర్జీ ఉన్నవాళ్లకి గరిటెకు అంటిన మాత్రం చాలు, గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు. అలా జరిగితే వెంటనే ఇవ్వాల్సింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్. అది ఎప్పుడూ అక్క సంచిలోనే ఉంటుంది. ఆ రోజు దాన్ని తీసి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. వాడు మాత్రం రెండు అరటిపళ్లు, మేం తెచ్చుకున్న బిస్కెట్లు తిని పడుకున్నాడు. వాడి భోజనానికి కూడా పూర్తి రేటు వేశారు.

మరునాటి ఆటల విషయం క్లుప్తంగా చెబుదామనుకున్నాను గానీ ఇది క్లుప్తంగా చెప్పేది కాదు. పదింటికి మాకు పడవ సవారీ స్లాట్ ఇచ్చారు. వెళ్లేసరికి ఒడ్డున ఎర్రజెండా. సవారీ లేదు, డబ్బు వెనక్కి రాదు, స్లాట్ మారదు అన్నారు. సరే అనుకున్నాం. అప్పుడు మీ ఆటల కోఆర్డినేటర్ పిల్లలు ఏడవకుండా ఒక చోటు చూపించి, 'అక్కడ అలలు లేవు చూడండి, అక్కడ ఆడుకోండి' అన్నాడు. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఆ కాస్త మేర నీరు నున్నగా ఉంది. మోకాలి లోతు దాకా వెళ్లారో లేదో లైఫ్‌గార్డ్ ఈల వేస్తూ పరిగెత్తుకొచ్చాడు. అలలు విరగని ఆ సందులోంచే, ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి లాగుతుందట. ఆ లాగుడు కొన్నిసార్లు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, దానికి ఎదురీదడం గజ ఈతగాడి వల్ల కూడా కాదు. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదని, ఒడ్డు వెంబడి పక్కకు ఈది ఆ లాగుడులోంచి బయటపడాలని పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు. ఎర్రజెండా ఎగురుతుండగా మీ మనిషి చూపించిన చోటు అది.

మీ దగ్గర మంచివాళ్లు లేరని కాదు. ఆ రాత్రి నడుం లోతు తడిసి మరీ తాతయ్య కుర్చీ పట్టుకున్న కుర్ర సర్వర్ ఉన్నాడు. అతని జీతంలో ఒక్క రూపాయి కోసినా నాకు బాధగా ఉంటుంది. పదింటికి మేమంతా కంచాలు పట్టుకుని బయట మెట్ల మీద చేరితే, అటూ ఇటూ చూసి తాతయ్యకు మంచినీళ్లు తెచ్చిచ్చింది కూడా అతనే. అక్కడే ఓ పావుగంట 27 మందిమీ కలిసి కూర్చున్నాం. తాతయ్య మెషిన్ మళ్లీ చెవికి పెట్టుకున్నారు. అంతలో సెక్యూరిటీ వచ్చి, మెట్ల మీద తినకూడదు, రూల్ అన్నాడు.

బిల్లులో సముద్రపు అంచు బల్లకు 15 శాతం అలాగే ఉంది. సర్వీస్ చార్జి 10 శాతం. ఐదేళ్లలోపు పిల్లలకు ఉచితమని మీరే రాసి, 14 నెలల పాపకు పెద్దవాళ్ల రేటు వేశారు. ఆఖరి వరస చూసి మా మామయ్య కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు: 'పోయిన గాజు గ్లాసులు, ఆరు.'

ఈ నాలుగూ, అక్క కొడుకు భోజనం, జరగని పడవ సవారీ డబ్బులు వెనక్కి ఇవ్వండి. తిన్న మిగతా భోజనానికి డబ్బు అడగడం లేదు. వేరుశెనగ విషయంలోనూ, ఆ కోఆర్డినేటర్ విషయంలోనూ ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పండి, వాటికి ఫోన్‌లో సారీ సరిపోదు. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళతాం.

బిల్లు, మెయిళ్లు, ఫోటోలు జత చేశాను. గ్లాసుల ఫోటో కూడా అందులోనే ఉంది. మరునాడు పొద్దున నీరు వెనక్కి తగ్గాక పిల్లలు వెతికితే ఆరింటిలో నాలుగు ఇసుకలో కూరుకుపోయి దొరికాయి, ఒక్కటీ పగల్లేదు. కడిగి మీ రిసెప్షన్‌లో ఇచ్చాం. రసీదు ఇవ్వలేదు.

ఇట్లు,
27 మంది తరఫున బుకింగ్ చేసిన మనిషి